చాక్ పెయింట్, మైనం పూత
పాత కర్ర సామానుకూ పటాల ఫ్రేములకూ సుద్ద కలిసిన, మెరుపులేని రంగు వేసి, పైన మైనం రుద్దే పద్ధతి. 1990లో బ్రిటన్‌కు చెందిన అన్నీ స్లోన్ ‘చాక్ పెయింట్’ పేరుతో రంగు తెచ్చారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువులకు వచ్చి తెలుగువాళ్లు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో తాతలనాటి బీరువాలకూ ఇది పనికొస్తుంది; చార బాగా కనిపించే టేకుకు రంగు పులమడం మాత్రం అన్యాయమే. జిడ్డు వదిలిస్తే చాలు, ఉప్పు కాగితం అంతగా అక్కర్లేదు. అయితే పాత కర్రలోని టానిన్ అనే పదార్థం తెల్లరంగులోంచి పసుపు మరకలుగా పైకొస్తుంది. దానికి విరుగుడు ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ బెంగాల్‌లోనే, పురూలియాలో దొరికే లక్క: స్పిరిట్‌లో కరిగించి ముందుగా ఒక పూత వేస్తే మరక ఆగుతుంది. రంగు ఆరాక మెత్తటి గుడ్డతో మైనం పలచగా పట్టించి, మిగులు తుడిచేయాలి. తేనెమైనం 62–64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి వేడి టీ గ్లాసు నేరుగా పెడితే గుండ్రటి మచ్చ ఖాయం.