ముల్తానీ మట్టి నుంచి మోటారు డబ్బా దాకా

ముల్తానీ మట్టి అంటే మనకు గుర్తొచ్చేది మొహానికి పూత. పన్నీరు కలిపి రాసుకుంటే జిడ్డు పీల్చేస్తుందని మన అమ్మల కాలం నుంచీ వాడుతున్నాం. నేను కోఠి ఉమెన్స్ కాలేజీలో బీఏ తెలుగు చదివే రోజుల్లో సుల్తాన్ బజారులో పొట్లాలు కట్టి అమ్మేవాళ్ళు. హాస్టలు పిల్లలు పరీక్షలయ్యాక కొనుక్కునేవాళ్ళు. ఈ రకం మట్టిని ఇంగ్లీషువాళ్ళు ఫుల్లర్స్ ఎర్త్ అంటారు. ఉన్నిబట్టలోని జిడ్డు వదలగొట్టే పనివాణ్ణి వాళ్ళు ఫుల్లర్ అనేవాళ్ళు. మన చాకళ్ళకు చవుడు ఎలాగో వాళ్ళకు ఆ మట్టి అలాగ. ఇప్పుడు దుకాణాల్లో సంచుల్లో కనిపించే పిల్లి మట్టి కథ అక్కడే మొదలైంది.

1947 జనవరి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కాసోపొలిస్ అనే చిన్న ఊరు. చలికి పెరట్లో ఇసుక గడ్డకట్టింది. పక్కింటావిడ పిల్లి డబ్బాలో పొయ్యి బూడిద పోసి చూసింది. ఇల్లంతా పిల్లి అడుగుల ముద్రలు పడ్డాయి. కాస్త ఇసుక ఉందా అని ఎడ్వర్డ్ లో అనే యువకుణ్ణి అడిగింది. వాళ్ళ నాన్నది రంపపు పొట్టు, నూనె పీల్చే మట్టి లాంటివి కార్ఖానాలకు అమ్మే వ్యాపారం. అతను ఇసుక బదులు కాల్చి గుళికలు చేసిన ఆ మట్టిని ఇచ్చాడు. వాసన తగ్గింది, ముద్రలూ పోయాయి. ఆవిడ మళ్ళీ మళ్ళీ అడిగేసరికి అతను ఐదేసి పౌండ్ల సంచులు పది కట్టి, వాటిమీద కిట్టీ లిట్టర్ అని రాసి దుకాణానికి పట్టుకెళ్ళాడు. ధర 65 సెంట్లు. ఇసుక ఊరికే దొరుకుతుంటే ఇది ఎవరు కొంటారన్నాడు దుకాణదారు. అయితే ఊరికే ఇచ్చి చూడండి అన్నాడు ఎడ్వర్డ్ లో. తరవాత అతను కోటీశ్వరుడయ్యాడు. పుస్తకాల్లో, పత్రికల్లో ఈ కథ అతని తెలివి గురించే చెబుతారు. నాకైతే బూడిద పోసి, ముద్రలు తుడిచి తుడిచి విసిగి, ఇంకేదైనా ఇవ్వమని అడిగిన ఆ పక్కింటావిడే ఎక్కువ గుర్తుంటుంది.

పిల్లి ఎందుకు కప్పుతుందో కూడా తెలుసుకుంటే డబ్బా కొనడం సులువవుతుంది. మన ఇంటి పిల్లుల పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ఎడారుల అడవిపిల్లులు. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఎముకలు దొరికాయి. అంటే మనతో సావాసం అప్పటికే ఉంది. ఎడారి జంతువు కాబట్టి నీళ్ళు తక్కువ తాగుతుంది, మూత్రం చిక్కగా పోస్తుంది. అందుకే ఆ ఘాటు. అందులోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. ఆలస్యమయ్యేకొద్దీ కంపు పెరగడానికి కారణమదే. సన్నని, మెత్తని ఇసుక దానికి ఇష్టం. పెద్ద పెద్ద గుళికలు, అగరొత్తుల్లాంటి సువాసనలు మన సంతోషానికే గానీ పిల్లికి నచ్చవు. ఖరీదైన మట్టి వదిలేసి తులసి కుండీలో గోకే పిల్లుల బాధ ఇదే.

ఒకప్పుడు మన ఇళ్ళల్లో ఈ గొడవే లేదు. చిక్కడపల్లిలో మా అత్తగారు కాపురానికి వచ్చినప్పటి ఇల్లు పెంకుటిల్లు. వెనక పెరడు, బావి, సన్నజాజి పందిరి. పిల్లి ఎవరిదీ కాదు, అందరిదీ. పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పేది. దాని కాలకృత్యాలకు మట్టి ఉండేది, మిగతాది ఎండా వానా చూసుకునేవి. ఆ ఇళ్ళు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లయ్యాయి. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ సందుల్లో ఇప్పుడు పిడికెడు మట్టి కావాలంటే నర్సరీకి వెళ్ళి కొనుక్కోవాలి. పిల్లి మూడో అంతస్తులోకి వచ్చింది, పెరడు రాలేదు. అందుకే పెరటిని సంచుల్లో కొంటున్నాం.

ఇక 1908 సంగతి. ఆ సంవత్సరం పేరు చెబితే హైదరాబాదువాళ్ళకు సెప్టెంబరు 28 నాటి మూసీ వరదే గుర్తొస్తుంది. వేలమంది పోయారు. ఆ తరవాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాలతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి, నగరానికి మురుగు కాలవల పథకమూ వచ్చింది. అదే 1908లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆండ్రూ బుకానన్ అనే సైనిక వైద్యాధికారి, పిల్లులుంటే ప్లేగు తగ్గుతుందని రాశాడు. ఆయన మనకు దూరంవాడేం కాదు, మధ్య పరగణాలు, బేరారు ప్రాంతంలో పనిచేసినవాడు. ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి పిల్లుల్ని లెక్కపెట్టించి, పిల్లులు ఎక్కువున్న ఊళ్ళల్లో ఎలుకలు తక్కువ, ప్లేగూ తక్కువ అన్నాడు. మూడేళ్ళకు, 1911లో, హైదరాబాదు నగరంలోకే ప్లేగు వచ్చింది.

ఆ 1908లోనే ట్యూనిస్‌లో నికోల్, మాన్సో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గుండీ అనే ఎలుకజాతి జంతువులో ఒక సూక్ష్మజీవిని చూశారు. టాక్సోప్లాస్మా అంటాం. ఒకవైపు పిల్లి ప్రాణాలు కాపాడుతుందని లెక్కలు, మరోవైపు తరవాత పిల్లికి చెడ్డపేరు తెచ్చే జీవి. రెండూ ఒకే ఏడాది.

ఈ టాక్సోప్లాస్మా పేరుతోనే మన ఇళ్ళల్లో గర్భిణీ స్త్రీ ఉంటే పిల్లిని తరిమేస్తారు. మా తోటికోడలి కూతురు అశోక్‌నగర్‌లో ఉంటుంది. దానికి మూడో నెల అని తెలియగానే వాళ్ళ పిల్లిని గోనెసంచిలో వేసి మార్కెట్ దగ్గర వదిలేయమని పెద్దవాళ్ళంతా పట్టుబట్టారు. ఆ పిల్ల ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వైనా చెప్పు, నాలుగేళ్ళ నుంచి ఇల్లు దాటనిది, రోడ్డు మీద ఒక్కరోజు బతకదు" అని ఏడ్చింది. అప్పుడు కూర్చుని చదివాను.

పిల్లి మలం ద్వారా ఈ జీవి వ్యాపిస్తుందని తేలింది 1970 ప్రాంతంలో. ఆ పరిశోధన చేసినవాళ్ళలో మన దేశంలో పుట్టిన పశువైద్య శాస్త్రవేత్త జితేందర్ దూబే ఒకరు. వాళ్ళు కనిపెట్టిన వాటిలో మనకు కావలసిన ముక్క ఇది. పిల్లి సాధారణంగా జీవితంలో మొదటిసారి ఆ జబ్బు తగిలినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాలే ఆ గుడ్లలాంటివాటిని విసర్జిస్తుంది. బయటికి వచ్చిన వెంటనే అవి అంటుకోవు. అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అంటే ఏరోజుకారోజు డబ్బా శుభ్రమైతే ప్రమాదం చాలావరకు పోతుంది. పచ్చిమాంసం, ఎలుకలు తినకుండా ఇంట్లోనే ఉండే పిల్లితో భయం ఇంకా తక్కువ. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూర, చేతులకు తొడుగు లేకుండా చేసే తోటపని వీటి గురించి మాత్రం ఎవరూ గోనెసంచి ఎత్తరు. గర్భిణి ఆ డబ్బా ముట్టుకోకూడదు, ఇంకొకరు రోజూ తీయాలి. డాక్టరమ్మ కూడా అదే మాట చెప్పింది.

సరే, ఆ ఇంకొకరు ఎవరు? అసలు చిక్కు ఇక్కడ.

వాళ్ళింట్లో గిన్నెలు తోమే అమ్మాయిని అడిగారు, నెలకు ఐదువందలు ఎక్కువిస్తామన్నారు. ఆ అమ్మాయి ఒక్కటే మాట అంది. "అక్కా, గిన్నెలు ఎన్నన్న తోముత. గా డబ్బ మాత్రం ముట్ట. మా నాయనమ్మ జీవితమంత గదే చేసింది." దానికి ఎవరూ మారు మాట్లాడలేకపోయారు.

మాట్లాడకూడదు కూడా. హైదరాబాదులో మురుగు కాలవలు వేసినా అన్ని ఇళ్ళకూ అందలేదు. పాత ఇళ్ళకు వెనక సందు ఉండేది, ఆ సందులోంచి ఒక మనిషి వచ్చి, తట్టలోకి ఎత్తి, నెత్తిన పెట్టుకుపోయేది. బూడిద చల్లి పెట్టడం ఇంటివాళ్ళు చేసిన గొప్ప సాయం. ఆ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1993లో, మళ్ళీ గట్టిగా ఇంకో చట్టం 2013లో. కోలారు బంగారు గనుల్లో అదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్ళు కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపితే తప్ప ఆ చట్టం కాగితం దాటలేదు. విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. పిల్లిది పావుశేరు, మనిషిది వేరు అని తేలిగ్గా అనొచ్చు. కానీ ఎత్తే చెయ్యి ఎవరిదని చూస్తే ఆ అమ్మాయి అన్నదే నిజం. మన ఇంటి పిల్లి, మన ఇంటివాళ్ళే తియ్యాలి.

అల్లుడిగారికి ఆ పని రోజూ రెండుసార్లు చేయడమంటే బద్ధకం. అందుకని యంత్రం కొంటానన్నాడు. తనంతట తాను శుభ్రం చేసుకునే డబ్బా. పిల్లికి బిచ్చం పెట్టని మా బావగారు ఆ ధర విని మంచం మీద కూర్చుండిపోయారు.

ఈ యంత్రాలు మొన్న మొన్నటివి కావు. దానికి ముందు మట్టి మారాలి. 1980లలో థామస్ నెల్సన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త బెంటొనైట్ అనే బంకమట్టి తడి తగలగానే ఉబ్బి ఉండకడుతుందని గమనించి దాన్ని పిల్లి డబ్బాకు పనికొచ్చేలా చేశాడు. ఈ మట్టి మన దేశంలో కచ్‌లో, రాజస్థాన్‌లోని బాడ్మేర్‌లో బాగా దొరుకుతుంది. ముల్తానీ మట్టి రకం తడిని పీల్చి ఊరుకుంటుంది, కొన్నాళ్ళకు డబ్బా మొత్తం పారబోయాలి. బెంటొనైట్ ఉండ కడుతుంది, ఉండనే తీసెయ్యొచ్చు. తీయడానికి ఉండ దొరికింది కనుకే జల్లెడ పట్టే యంత్రం సాధ్యమైంది. 1990లలో లిట్టర్‌మెయిడ్ వచ్చింది, పిల్లి బయటికి వచ్చిన పది నిమిషాలకు దువ్వెనలాంటి పళ్ళు ఉండల్ని పెట్టెలోకి తోసేవి. 2000 ప్రాంతంలో మిషిగన్ నుంచే బ్రాడ్ బ్యాక్స్‌టర్ అనే ఇంజినీరు లిట్టర్ రోబో తెచ్చాడు. ఇది గోళం తిరిగి, మన పిండిజల్లెడలాగా మట్టిని జల్లించి ఉండల్ని కింది సొరుగులో పడేస్తుంది. ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ ఈ రెండో రకమే.

కొనేముందు నేను ఆ అబ్బాయిని చూడమన్నవి కొన్ని. పిల్లి తల తోకా బయటపెట్టకుండా లోపల తిరగగలగాలి. పిల్లి లోపల ఉన్నా, తల పెట్టినా ఆగే ఏర్పాటు బరువును బట్టి ఒకటి, కదలికను బట్టి ఇంకొకటి, రెండూ ఉండాలి. ఊరూ పేరూ లేని చౌక యంత్రాల్లో ఇరుక్కుని పిల్లులు చచ్చిపోయిన సంఘటనలు ఉన్నాయి. ఇక్కడ మాత్రం పొదుపు చెయ్యొద్దు. కిలోన్నర లేని పిల్లకూనల్ని చాలా యంత్రాలు గుర్తుపట్టవు, వాటికి మామూలు డబ్బాయే మేలు. కరెంటు మధ్యలో పోతే ఎక్కడ ఆగుతుంది, వచ్చాక ఏం చేస్తుంది అనేది కొనేముందే అడగాలి. మోటారు పాడైతే విడిభాగం దొరుకుతుందా అన్నది ఇంకా ముఖ్యం. కోఠి గుజరాతీ గల్లీలో ఏ వస్తువునైనా విప్పి చూసేవాళ్ళున్నారు గానీ, పళ్ళచక్రం విరిగితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

వచ్చాక అలవాటు చేయడం ఒక యజ్ఞం. మొదటి వారం కరెంటు పెట్టకుండా ఉత్త డబ్బాలాగే ఉంచారు. పాత డబ్బాలోంచి రెండు గరిటెల మట్టి ఇందులో వేశారు, వాసన గుర్తుపడుతుందని. పాత డబ్బా తీసేయలేదు, పక్కనే ఉంచారు. తరవాత పిల్లి లేనప్పుడు తిప్పి చూపించారు. మొదటిసారి అది సోఫా కిందికి పోయి మధ్యాహ్నం దాకా రాలేదట. పదిహేను రోజులకు అలవాటైంది. ఉండకట్టే మట్టి తప్ప ఇందులో పనికిరాదు. సోయా పిప్పితో చేసింది కొన్నింటిలో నడుస్తుంది గానీ వానాకాలం మన ఊళ్ళో చీమలు పట్టాయి. బెంటొనైట్‌ను టాయిలెట్‌లో మాత్రం పొయ్యకండి, పైపులో ఉబ్బి కూర్చుంటుంది.

ఒక్క నష్టం ఉంది, దాన్ని అమ్మేవాళ్ళు చెప్పరు. చేత్తో తీసేటప్పుడు ఎన్ని ఉండలున్నాయో, ఎంత పెద్దవో కళ్ళతో చూస్తాం. మగపిల్లికి మూత్రం అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది, ముందు తెలిసేది ఆ ఉండల్లోనే. యంత్రం వాటిని సొరుగులో దాచేస్తుంది. పిల్లి డబ్బాలోకి మాటిమాటికీ వెళ్ళి ఉత్తచేతులతో వస్తుంటే నారాయణగూడ పశువుల ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. అందుకని సొరుగు వారానికొకసారి కాదు, రోజూ తెరిచి చూడమన్నాను. టాక్సోప్లాస్మా లెక్కకూ రోజూ తీయడమే సరి, సొరుగులో ఉన్నంత మాత్రాన ఆ ఐదు రోజులు ఆగవు కదా.

సంచి కట్టి చెత్త ఆటోలో వేసే పని కూడా అల్లుడిదే. రెండు పొరల సంచిలో కట్టి, తడిచెత్తలో కలపకుండా విడిగా ఇస్తాడు. ఆటోలో చేత్తో ఏరేవాళ్ళు ఉంటారు, సంచి పగిలితే వాళ్ళ చేతుల మీదే పడుతుంది. మొదట్లో చెత్త ఆటో అబ్బాయి ఇదేమిటని అడిగాడట, చెబితే నవ్వాడట. ఇప్పుడు ఎనిమిదో నెల. సీమంతానికి వెళ్ళినప్పుడు చూశాను, మా బావగారే చేతులకు తొడుగులేసుకుని, ముక్కుకు కండువా చుట్టుకుని సొరుగు తీస్తున్నారు. అల్లుడు ఊళ్ళో లేడు. "ఇవాళ మూడు ఉండలు, నిన్న నాలుగు" అని నాకు లెక్క కూడా చెప్పారు.