మలబార్ హిల్ మీద ఒక ఇల్లు

ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో ఇళ్ల లోన్ల కాగితాలు చూస్తున్నవాణ్ణి. ఎవరిల్లు చూసినా నా ధ్యాస ముందు దస్తావేజుల మీదికే పోతుంది. కాని ముంబయి మలబార్ హిల్ మీద, విదేశీ దౌత్యాధికారులు కాపురముండే పేటలో ఒక బంగళా ఉంది. దాని కథ దస్తావేజుల్లో ఇమిడేది కాదు.

అది మహమ్మదలీ జిన్నా కట్టించుకున్న 'సౌత్ కోర్ట్'. క్లాడ్ బాట్లీ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు ప్లాను గీశాడు. ఇటలీ పాలరాయి తెప్పించి 1936లో పూర్తి చేశారు. ఆ రోజుల్లోనే రెండు లక్షలయిందంటారు.

1944 సెప్టెంబరులో గాంధీజీ ఇక్కడికే వచ్చి జిన్నాతో రోజుల తరబడి మాట్లాడారు. పొత్తు కుదరలేదు. 1946 ఆగస్టు 15న నెహ్రూ వచ్చారు. అదీ ఫలించలేదు. సరిగ్గా ఏడాదికి దేశం రెండయింది.

వెళ్లేముందు జిన్నా ఢిల్లీలోని ఇంటిని రామకృష్ణ దాల్మియాకు అమ్మేశాడు. అది తర్వాత నెదర్లాండ్స్ రాయబారి నివాసమయింది. బొంబాయి ఇల్లు మాత్రం అమ్మలేదు. లెక్కలు తెలిసిన లాయరు ఇలా ఎందుకు చేశాడన్నది నన్ను చాలాకాలం వేధించింది.

జవాబు శ్రీప్రకాశగారి జ్ఞాపకాల్లో దొరికింది. ఆయన కరాచీలో మన తొలి హైకమిషనరు. ఆ ఇంటిని ఏం చేయమంటారని నెహ్రూ తరఫున అడిగితే జిన్నా కదిలిపోయాడట. దాన్ని లాక్కుని తన గుండె పగలగొట్టవద్దని, బొంబాయి అంటే తనకెంత ప్రాణమో మీకు తెలియదని, ఎప్పటికైనా అక్కడికి తిరిగి వస్తానని చెప్పాడట. 1948 సెప్టెంబరు 11న ఆయన పోయాడు. తిరిగి రానేలేదు.

తర్వాత చాలా ఏళ్లు అందులో బ్రిటిష్ డిప్యూటీ హైకమిషనర్లున్నారు. కాన్సలేటు కోసం పాకిస్తాన్ అడిగినా మన ప్రభుత్వం ఇవ్వలేదు. 2007లో కూతురు దీనా వాడియా హైకోర్టుకెక్కింది. 2017లో ఆమె కన్నుమూసేనాటికి కూడా తండ్రి ఇల్లు ఆమె చేతికి రాలేదు.

మా ముత్తాత పాలమూరు నుంచి ఈ ఊరికి తట్టా పారా పట్టుకుని వచ్చాడు. కామాఠీపురా అన్న పేరే మనలాంటి కూలీల వల్ల వచ్చింది. ఇప్పటికీ ఎవరో ఒకరు "మీ సొంత ఊరేది?" అని అడుగుతూనే ఉంటారు. ఆ అడిగేవారికి చెప్పాలనిపిస్తుంది: వేరే దేశమే కావాలని పట్టుబట్టి సాధించుకున్న మనిషి కూడా, ఈ ఊరు తనది కాదని అనలేకపోయాడు. మనమెలా అనగలం?