ముప్పై రెండో సెకను

బయటి నుంచి కాల్ వస్తుంది. రిసీవర్ ఎత్తి మాట్లాడతారు. ఇద్దరి మాటలూ ఇద్దరికీ స్పష్టంగానే వినిపిస్తాయి. అర నిమిషం దాటగానే లైన్ తెగిపోతుంది. మళ్లీ చేసినా అంతే. ఆఫీసు నుంచి బయటికి చేసిన కాల్ మాత్రం గంటైనా తెగదు. ఇంటర్నెట్ డెస్క్ ఫోన్లను నడిపేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పాత చిక్కుముడి ఇది.

అందరూ మొదట అనుమానించేది నెట్‌నే. నెట్ బాగోకపోతే కాల్ ఒకసారి పది సెకన్లకు, ఇంకోసారి రెండు నిమిషాలకు తెగాలి. ఇక్కడ గడియారం పెట్టి చూస్తే ప్రతిసారీ 32 సెకన్లే. ఎక్కడో ఎవరో లెక్కపెట్టి మరీ పెట్టేస్తున్నారన్నమాట.

ఈలోగా ఎవరో ఒకరు ఫోన్ ప్లగ్ తీసి మళ్లీ పెట్టమంటారు. దయచేసి వినకండి. చాలా ఫోన్లు లాగ్‌ను తాత్కాలిక మెమరీలోనే దాచుకుంటాయి, కరెంటు తీస్తే సాక్ష్యం చెరిగిపోతుంది. ముందు ఫోన్ సెట్టింగుల్లో లాగ్ స్థాయిని డీబగ్‌కు పెంచి, సిస్‌లాగ్ మరో కంప్యూటర్‌కు చేరేలా పెట్టి, అప్పుడు ఒక కాల్ తెప్పించుకోవాలి.

ఆ లాగ్‌లో 'ఎర్రర్' అని వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు. వరసగా చదవాల్సిందే. ఈ ఫోన్లు వాడే సిప్ పద్ధతిలో కాల్ కుదరాలంటే మూడు సందేశాలు కావాలి: ఆఫీసు బయట ఉన్న ఫోన్ సర్వర్ నుంచి ఇన్వైట్, ఎత్తగానే ఫోన్ నుంచి 200 ఓకే, అది అందినట్టు సర్వర్ నుంచి యాక్. ఇన్వైట్ వచ్చింది. 200 ఓకే వెళ్లింది. అర సెకను ఆగి అదే 200 ఓకే మళ్లీ వెళ్లింది. తర్వాత ఒక సెకనుకు, ఆపై రెండుకు, నాలుగుకు, అక్కడి నుంచి నాలుగేసి సెకన్లకు ఒకటి. యాక్ ఎక్కడా లేదు. చివరి వరస 'బై'. కాల్ పెట్టేసింది నెట్టూ కాదు, అవతలివాళ్లూ కాదు, బల్ల మీది ఫోనే!

2002 జూన్‌లో వచ్చిన సిప్ నియమావళి, ఆర్‌ఎఫ్‌సీ 3261, ఫోన్‌కు చెప్పింది అదే. అందులో టీ1 అనే కొలత అర సెకను. దానికి 64 రెట్లు ఎదురుచూసినా యాక్ రాకపోతే కాల్ ముగించాలి. అరవై నాలుగు అరలు, 32.

మరి యాక్ ఏమైంది? ఒక్క ఫోన్ లాగ్‌తో ఇది తేలదు. సర్వర్ లాగ్‌ను పక్కన పెట్టాలి. రెండు గడియారాలకూ అయిదున్నర గంటల తేడా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, ఒకటి యూటీసీలో ఉంది, ఇంకోటి మన టైములో. కాల్ ఐడీ పట్టుకుంటే రెండూ కలుస్తాయి. సర్వర్ ప్రతి 200 ఓకేకూ యాక్ పంపింది. పంపిన చిరునామా 192.168.1.23.

అది ఆఫీసు గోడల లోపలే చెల్లే చిరునామా, బయటి ఇంటర్నెట్‌లో దానికి దారి లేదు. ఫోన్ తనకు తెలిసిన ఆ చిరునామానే 200 ఓకేలో కాంటాక్ట్ అన్నచోట రాసింది. రౌటర్ కవరు మీది చిరునామా మార్చింది గాని లోపలి ఉత్తరం జోలికి వెళ్లలేదు. ఇన్వైట్ ఎలా చేరిందంటే, ఫోన్ పంపిన రిజిస్ట్రేషన్ ఏ దారిన వచ్చిందో సర్వర్ ఆ దారినే దాన్ని పంపింది. గొంతు వేరే ప్యాకెట్లలో నడుస్తుంది, అది వచ్చిన చోటికే సర్వర్ తిరిగి పంపుతుంది. మాట బాగా వినిపించడమే ఇంతసేపూ అందర్నీ తప్పుదారి పట్టించింది.

బయటికి చేసే కాల్స్‌లో యాక్ పంపేది ఫోన్, సర్వర్ చిరునామా అందరికీ కనిపించేదే, కాబట్టి అవి తెగవు. కానీ ఈ ఊహ నిజమైతే వాటిలోనూ ఒక లోపం ఉండి తీరాలి: అవతలివాళ్లు పెట్టేసినా సర్వర్ పంపే బై అందక, మన ఫోన్ కాల్ నడుస్తున్నట్టే చూపించాలి. అడిగి చూడండి. "అవునండీ, అదీ ఉంది, చిన్న విషయమని చెప్పలేదు" అంటారు.

ఆస్టరిస్క్ అనే సర్వర్‌లో సిప్‌ను నడిపే పీజేసిప్‌లో దీనికి 'రీరైట్ కాంటాక్ట్' అనే సెట్టింగ్ ఉంది. లోపల రాసింది వదిలేసి, ప్యాకెట్ నిజంగా వచ్చిన చిరునామాకే జవాబివ్వమని దాని అర్థం. అది పెట్టాక లాగ్‌లో 200 ఓకే ఒక్కసారే కనిపిస్తుంది, దాని కిందే యాక్.