చుక్కలు పెట్టిన గడి

1802లో, ఇప్పటి రాయలసీమతో కూడిన దత్త మండలాల్లో పొలాల కొలత మొదలైంది. ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో అప్పుడు పెట్టిన ఒక నియమం ఈనాటికీ చదవదగ్గది. ముప్పై మూడడుగుల గొలుసుతో కొలత. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. కొలిచేవాడికి ఎకరం లెక్కన కూలి ఇచ్చేవారు. అలా ఇస్తే పని తొందరగా సాగుతుంది, చెట్టు నీడన కూర్చుని అంకెలు రాసుకునే ఆశా పుడుతుంది. అందుకని అతని కొలతను మళ్లీ కొలిచే పెద్ద సర్వేయరుకు మాత్రం నెల జీతం పెట్టారు. తనిఖీ చేసేవాడికి తొందర ఉండకూడదన్నది ఉద్దేశం. రెండు కొలతలకూ మెట్ట భూమిలో నూటికి పది వరకు, మాగాణిలో నూటికి ఐదు వరకు తేడా వస్తే సరిపెట్టుకునేవారు. అది దాటితే కొలిచినవాడి ఉద్యోగం పోయేది. అయితే ఆ తేడా పొరపాటున వచ్చిందని స్పష్టంగా తేలి, మనిషి మిగతా విషయాల్లో పనిమంతుడైతే ఉంచుకోవచ్చు.

ఇవాళ వెబ్ ఫారాలు తయారుచేసేవాళ్లు గడిగడికీ ఇలాంటి నిబంధనలే రాస్తున్నారు. ఈ గడి తప్పనిసరి, ఆ గడిలో అంకెలే ఉండాలి, ఫలానా గడిలో 'మెట్ట' అని ఉంటే పక్క గడికి ఒక హద్దు, 'మాగాణి' అని ఉంటే ఇంకో హద్దు. షరతు మీద ఆధారపడే ఈ తనిఖీ కంప్యూటరుతో పుట్టిందనుకోవడం పొరపాటు. దేవనకొండ, పత్తికొండ, ఆదోని పల్లెల భూమి లెక్కలు రెండు శతాబ్దాలుగా అలాంటి షరతుల మీదే నడిచాయి. మన్రో నియమంలో ఉండి ఇప్పటి నియమాల్లో తరచూ కనిపించనిది చివరి వాక్యం. కొలత తప్పిందని తేలాక ఎందుకు తప్పిందని అడిగే మనిషి ఒకడు అక్కడ ఉన్నాడు. ఒక తనిఖీ ఎంత కఠినమైనదన్నది అసలు ప్రశ్న కాదని నా వాదన. జవాబు లేని గడి ఎదురైతే అది ఏం చేస్తుంది, ఆ నిర్ణయానికి పూచీ ఎవరిది అన్నవాటితోనే దాని మంచిచెడ్డలు తేలుతాయి.

గ్రామలెక్కలను దగ్గరగా చూస్తే ఈ మాట అర్థమవుతుంది. జులై ఒకటిన మొదలై జూన్ ముప్పైతో ముగిసే ఫసలీ సంవత్సరంలో కరణం అడంగల్ రాసేవాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, వేసిన పైరు, నీటి ఆధారం అన్నీ అందులో గళ్లే. కానీ ఏ గడీ ఒంటరిగా నిలబడదు. భూమి తరగతి మెట్ట అయివుండి, నీటి ఆధారం గడిలో సర్కారు చెరువో కాలువో కనిపిస్తే, అక్కడ తీర్వజాస్తి అనే అదనపు శిస్తు పడాలి. మాగాణిలో రెండో పంట రాస్తే ఫసలీజాస్తి పడాలి. చెరువు ఎండి పైరు పోతే మాగాణికి శిస్తు మాఫీ అడగవచ్చు. మెట్టకు మామూలుగా ఆ దారి లేదు, వానను నమ్ముకున్నవాడు కష్టం నష్టం తనే భరించాలన్నది సర్కారు తర్కం. కరువులకు పేరుపడ్డ ఈ సీమలో మెట్టే ఎక్కువ కాబట్టి, ఆ ఒక్క షరతు ఎన్ని కుటుంబాల మీద ఎంత బరువు మోపిందో ఊహించుకోవచ్చు. తర్వాతి కాలంలో హంద్రీ నది మీద గాజులదిన్నె జలాశయం వచ్చి, దాని కింద మెట్ట చేలకు నీళ్లు పారినప్పుడు తరగతి గడికీ నీటి గడికీ మధ్యనున్న పాత లంకె మళ్లీ పనిలోకి వచ్చింది.

ఈ షరతులన్నీ కరణం తలలోనూ, రెవెన్యూ బోర్డు ఉత్తర్వుల్లోనూ ఉండేవి. అవి సరిగా అమలయ్యాయా అని చూడటానికి అంచెలంచెలుగా మనుషులుండేవారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చేలకు వెళ్లి కొన్ని నంబర్లను అజమాయిషీ చేసేవాడు. ఫసలీ ముగిసే వేళకు జమాబందీ జరిగేది. లెక్కలన్నీ కట్టలు కట్టుకుని కరణాలు చేరేవారు, ఒక లెక్కలోని మొత్తం ఇంకో లెక్కలోని మొత్తంతో కలవాలి, కలవకపోతే సంజాయిషీ చెప్పాలి. కంప్యూటరు ఒక్క క్షణంలో ఎర్రక్షరాలతో చెప్పే మాటనే జమాబందీ సంవత్సరానికోసారి చెప్పేది. కాకపోతే అక్కడ అధికారి ఎదుట కరణం నిలబడేవాడు, తగాదా ఉంటే రైతు కూడా వచ్చి మాట్లాడేవాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. కరణం వ్యవస్థను ఇంత ముద్దుగా వర్ణించడం ఏమిటి, కలం పట్టినవాడి దయ మీద ఊరంతా బతికిన రోజులు మరిచారా అని. మరవడానికి వీల్లేదు. తప్పుడు కొలతలకు చాలామంది సర్వేయర్లను తీసేయాల్సి వచ్చిందని మన్రోయే నివేదించాడు. కాగితం మీద చేసిన వర్గీకరణ రైతుకు మోయలేని భారమైందని గ్రహించి, 1807లో మొత్తం శిస్తును నూటికి ఇరవై ఐదు తగ్గించాలనీ, నీటి వసతి ఉన్న భూములకు ఇంకొంత తగ్గింపు ఇవ్వాలనీ సిఫారసు చేశాడు. అంటే అన్ని తనిఖీలూ దాటి వచ్చిన లెక్క కూడా తప్పు కావచ్చని ఆ లెక్క చేయించినవాడే ఒప్పుకున్నాడు. ఆయన 1827 జులైలో కలరాతో చనిపోయింది దేవనకొండకు పక్కనున్న పత్తికొండలోనే. ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా కరణీకం వంశాల చేతుల్లో ఉండి ఎన్ని వంకరలు తిరిగిందో ఊళ్లన్నిటికీ తెలుసు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ పదవులను రద్దు చేసినప్పుడు పల్లెల్లో సంతోషించినవాళ్లు తక్కువేమీ కాదు. సుప్రీంకోర్టు మరుసటేడు ఆ రద్దును సమర్థించింది. అయితే కరణం పోయాక అతని విచక్షణ కూడా పోయిందా? పోలేదు, చోటు మారింది. అడంగల్ రాసేటప్పుడు వాడే విచక్షణ నియమం రాసేటప్పుడు వాడే విచక్షణ అయింది. మొదటిదాన్ని ఊరు చూడగలిగేది. రెండోది ఎక్కడో గదిలో జరుగుతుంది.

ఆ మార్పు ఎంత ఖరీదైనదో చుక్కల భూములు చూపించాయి. శతాబ్దం కిందటి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో కొన్ని సర్వే నంబర్లకు ఎదురుగా, పట్టాదారు పేరుండాల్సిన గడిలో పేరుకు బదులు చుక్కలున్నాయి. హక్కుదారు ముందుకు రాలేదో, శిస్తుకు భయపడి నాది కాదన్నాడో, భూమి సర్కారుదా ప్రైవేటుదా అన్నది అప్పటికి తేలలేదో, కారణం ఏదైనా ఆ గుమాస్తా చేసిన పని నిజాయితీ గలదని నాకనిపిస్తుంది. తెలియనిచోట తెలియదని రాశాడు. గడి నింపడం కోసం ఏదో ఒక పేరు రాయలేదు, ప్రభుత్వం అనీ రాయలేదు. ప్రభుత్వ భూమిని రాయడానికి అదే రిజిస్టరులో వేరే మాటలున్నాయి కదా, పోరంబోకు, బంజరు అని. అవి వాడకుండా చుక్కలు పెట్టాడంటే ప్రశ్నను ప్రశ్నగానే వదిలాడు.

తర్వాత ఆ గడికి కొత్త నియమం వచ్చింది. 1998 నవంబరులో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో ఇప్పటి 22-ఏ సెక్షన్ చేరింది. చట్టాలు అమ్మకూడదన్న భూములు, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు, ప్రభుత్వానికి ప్రయోజనం ఉందని నోటిఫై చేసిన ఆస్తులు అంటూ అందులో ఐదు రకాలున్నాయి. దస్తావేజులోని సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రారు రిజిస్టరు చేయకూడదు. షరతుతో కూడిన తనిఖీ అంటే ఇదే, మన్రో గొలుసుకన్నా కచ్చితంగా, తడుముకోకుండా పనిచేస్తుంది. చుక్కల భూములు ఈ జాబితాలోకి చేరాయి. పట్టాదారు పేరు లేదు కాబట్టి ప్రైవేటుది కాదు, ప్రైవేటుది కాదు కాబట్టి సర్కారుది అన్న తర్కం అది. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న రైతు ఆడపిల్ల పెళ్లికో వైద్యానికో అరెకరం అమ్ముదామని వెళ్తే దస్తావేజు ముందుకు కదల్లేదు. అక్కడి ఉద్యోగిని తప్పుపట్టి లాభం లేదు. జాబితా తెర మీద ఉంది, దాన్ని దాటే అధికారం అతనికి లేదు.

22-ఏ లేకపోతే సర్కారు భూములు మిగులుతాయా అని అడిగేవారున్నారు. ఇది బలమైన అభ్యంతరం, తేలిగ్గా తీసేయరాదు. 1977 అసైన్డ్ భూముల చట్టం పేదల చేతిలోని భూమి చేతులు మారకూడదన్నా ఎన్ని ఎకరాలు తెల్లకాగితాల మీద మారిపోయాయో రాష్ట్రమంతా చూసింది. రిజిస్ట్రేషన్ దగ్గరే అడ్డుకోవడం సమంజసమే. కానీ అడ్డుకోవడానికి ఆధారం ఉండాలి. అసైన్డ్ భూమికి డి-పట్టా ఉంటుంది, దేవుడి మాన్యానికి రిజిస్టరు ఉంటుంది. చుక్కలకు ఉన్న ఆధారం చుక్కలే. 2015లో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ ఈ సెక్షన్‌ను వివరిస్తూ, మొదటి నాలుగు రకాలకు గెజెట్ ప్రకటన అవసరం లేదనీ, అధికారులు జాబితా పంపితే చాలనీ, చివరి రకానికి మాత్రం నోటిఫికేషన్ తప్పనిసరనీ తేల్చింది. న్యాయశాస్త్రం ప్రకారం అది సబబే కావచ్చు. ఆచరణలో మాత్రం దాని అర్థం, సర్కారుది అని ఎవరైనా ఒక వరుసలో రాసి పంపితే ఆ వరుసకు కారణం అడిగే అవకాశం రైతుకు ముందుగా రాదని. తన నంబరు జాబితాలో ఉందన్న సంగతి అమ్మకానికి వెళ్లినప్పుడే అతనికి తెలిసేది.

యంత్రం చేయగల తనిఖీకి ఒక హద్దుంది. ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె ముందున్న పదకొండింటి నుంచి లెక్కగట్టి వేసేది. డచ్చి గణితవేత్త వెర్హోఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి అది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది. ఆ సంఖ్య ఎదుట నిలబడ్డ మనిషిదేనా అన్నది మాత్రం ఆ లెక్కతో తేలదు. భూమి రికార్డు కూడా అంతే. విస్తీర్ణాల మొత్తం సర్వే నంబరు విస్తీర్ణాన్ని మించిందా, ఒకే నంబరు రెండు ఖాతాల్లో పడిందా అన్నది యంత్రం మనకన్నా బాగా చూస్తుంది. ఖాళీ గడి వెనక ఎవరున్నారో చూడలేదు. చూడలేనప్పుడు 'తేలలేదు' అన్న స్థితిని నిలుపుకునే వీలు నియమంలో ఉండాలి. చుక్కల విషయంలో ఆ వీలు లేకుండా చేశారు, ప్రైవేటుదా సర్కారుదా అన్న రెండే జవాబులు మిగిలాయి.

చివరకు శాసనసభే ఆ మూడో జవాబును రాయాల్సి వచ్చింది. 2017లో ఆంధ్రప్రదేశ్ చుక్కల భూముల చట్టం వచ్చింది. పన్నెండేళ్ల అనుభవాన్ని రుజువు చేస్తే జిల్లా స్థాయి కమిటీ పరిశీలించి రిజిస్టరులో పేరు చేర్చాలి. తర్వాత 2023 మేలో రెండు లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములను నిషేధిత జాబితా నుంచి తీసేస్తున్నట్టు ప్రభుత్వం కావలిలో ప్రకటించింది. ఈ తొలగింపులో రాజకీయం పాలెంత అన్నది వేరే చర్చ. నన్ను ఆపింది ఆ పన్నెండేళ్ల షరతు. పన్నెండేళ్ల అనుభవానికి రైతు దగ్గర ఉండే రుజువేమిటి? ముఖ్యంగా అడంగల్. అందులో పట్టాదారు గడికి పక్కనే అనుభవదారు గడి ఉంది, ఏటా ఫసలీకోసారి కరణమో తర్వాత వచ్చిన గ్రామ అధికారులో చేను చూసి రాసినది. ఒక రిజిస్టరు వదిలేసిన ప్రశ్నకు జవాబు ఇంకో రిజిస్టరులో దొరుకుతోంది, ఆ రెండో గడిని నిలిపి ఉంచారు కాబట్టి. తెలంగాణలో ధరణి అనే భూమి రికార్డుల పోర్టల్‌తో పాటు, అక్కడి అడంగల్ అయిన పహాణీ నుంచి అనుభవదారు గడిని తీసేశారు. ఆక్రమణదారులు దాన్ని అడ్డం పెట్టుకుని హక్కు అడుగుతున్నారు, తగాదాలు పెరుగుతున్నాయి అన్నది చెప్పిన కారణం. తగాదాలు పెరిగిన మాట నిజమే అయివుండొచ్చు. కానీ అక్కడ పట్టాదారు గడి ఎప్పుడైనా ఖాళీగానో తప్పుగానో తేలితే, పన్నెండేళ్ల లెక్క తీయడానికి రైతు ఏ కాగితం తెచ్చి చూపాలో ఆ ఫారం రాసినవాళ్లు చెప్పాల్సింది.