72 గంటల నిబంధన: అమెరికా క్రీడా ప్రసారాల బ్లాకౌట్ చట్టం – చారిత్రక పరిశీలన

ప్రవేశిక

ఒక నగరంలో జరుగుతున్న ఆటను దేశంలోని ఇతర ప్రాంతాలవారు టెలివిజన్‌లో చూస్తుండగా, ఆ నగరవాసులకు మాత్రం ఆ ప్రసారం అందకపోవడం అమెరికా క్రీడారంగంలో దశాబ్దాలపాటు కొనసాగిన ఆచారం. దీనినే ‘బ్లాకౌట్’ అని వ్యవహరిస్తారు. ఈ ఆచారాన్ని కట్టడి చేయడానికి అమెరికా కాంగ్రెస్ 1973లో ఒక చట్టం చేసింది. అది అమలులో ఉన్నది 1975 డిసెంబరు 31 వరకు మాత్రమే, అంటే రెండేళ్ల మూడు నెలల పైచిలుకు. అయితే అందులోని ప్రధాన నిబంధన చట్టం ముగిసిన తరువాత కూడా దాదాపు నలభై ఏళ్లు ఆచరణలో నిలిచింది. ఇది పైకి ఆ చట్టం సాధించిన విజయంగా కనిపిస్తుంది. కాని లీగు చేతిలోని ఒక అధికారానికి హద్దు గీయడానికి పుట్టిన కొలమానం, కాలక్రమంలో అదే అధికారాన్ని సమర్థించే ఆధారంగా మారింది. ఆ మార్పు ఎలా జరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గేటు రాబడి – తొలి నిషేధాలు

టెలివిజన్ అమెరికన్ ఇళ్లలోకి ప్రవేశిస్తున్న తొలినాళ్లలో వృత్తి క్రీడా క్లబ్బులకు ప్రధాన ఆదాయం టిక్కెట్ల అమ్మకం. 1950లో లాస్ ఏంజెలెస్ రామ్స్ ఫుట్‌బాల్ జట్టు తన సొంత మైదానంలో ఆడిన ఆటలను అదే నగరంలో ప్రసారం చేయడానికి అంగీకరించింది. అంతకుముందు సీజన్‌లో రెండు లక్షలు దాటిన ప్రేక్షకుల సంఖ్య ఆ ఏడు సుమారు లక్షా పదివేలకు పడిపోయింది. ఒప్పందం ప్రకారం ఆ నష్టాన్ని ప్రసారానికి ప్రాయోజకత్వం వహించిన టెలివిజన్ సెట్ల తయారీ సంస్థ భరించవలసి వచ్చింది. మరుసటి ఏడు స్థానిక ప్రసారం నిలిచిపోగా, మైదానం తిరిగి నిండింది. ఇంట్లో ఉచితంగా లభించే ఆట మైదానాన్ని ఖాళీ చేస్తుందన్న నమ్మకం క్లబ్బు యజమానుల్లో స్థిరపడడానికి ఈ అనుభవం తోడ్పడింది.

నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) కమిషనర్ బర్ట్ బెల్ కాలంలో, ప్రతి క్లబ్బు నగరం చుట్టూ 75 మైళ్ల పరిధిని ఆ క్లబ్బు ‘సొంత ప్రాంతం’గా పరిగణించి, ఇతర జట్ల ఆటల ప్రసారం అందులోకి రాకుండా లీగు నియమాలు అడ్డుకున్నాయి. ఇవి గుత్తాధిపత్య నిరోధక చట్టాలకు విరుద్ధమని అమెరికా న్యాయశాఖ దావా వేసింది. 1953లో ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి అలన్ గ్రిమ్ మధ్యేమార్గంగా తీర్పు చెప్పారు. స్థానిక జట్టు సొంత మైదానంలో ఆడుతున్న రోజున బయటి ఆటల ప్రసారాన్ని అడ్డుకోవడం సమంజసమే. బలహీనమైన జట్ల గేటు రాబడి కాపాడుకోకపోతే లీగే నిలవదు. స్థానిక జట్టు పరాయి ఊరిలో ఆడుతున్న రోజున మాత్రం అటువంటి నిషేధం చెల్లదు. ఈ తీర్పులో సమర్థనీయమైన కారణంగా నిలిచింది గేటు రాబడి ఒక్కటే. తరువాతి చరిత్ర అంతా ఈ కారణం చుట్టూనే తిరిగింది.

1961 చట్టం

1961లో ఎన్‌ఎఫ్‌ఎల్ తన క్లబ్బులన్నిటి ప్రసార హక్కులను కలిపి సీబీఎస్ నెట్‌వర్క్‌కు అమ్మింది. ఇది 1953 నాటి ఉత్తర్వుకు విరుద్ధమని గ్రిమ్ నిర్ణయించడంతో లీగు కాంగ్రెస్‌ను ఆశ్రయించింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 30న అధ్యక్షుడు కెన్నెడీ సంతకంతో క్రీడా ప్రసారాల చట్టం అమలులోకి వచ్చింది. ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, హాకీ లీగులు ప్రసార హక్కులను ఉమ్మడిగా అమ్ముకోవడానికి గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి ఈ చట్టం మినహాయింపు ఇచ్చింది. ప్రాంతాలవారీగా ప్రసారాన్ని నిషేధించే ఒప్పందాలకు ఆ మినహాయింపు వర్తించదని చెబుతూనే, క్లబ్బు సొంత మైదానంలో ఆడే రోజున దాని సొంత ప్రాంతంలో విధించే నిషేధాన్ని మాత్రం విడిచిపెట్టింది. అంటే న్యాయస్థానం అంగీకరించిన బ్లాకౌట్‌కు చట్టసభ ఆమోదం కూడా లభించింది.

గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ నిషేధానికి టిక్కెట్ల అమ్మకంతో ఎటువంటి సంబంధమూ లేదు. ఒక్క సీటు కూడా మిగలకుండా అమ్ముడుపోయిన ఆటకు సైతం అది వర్తించేది. గేటు రాబడిని కాపాడడం కోసం పుట్టిన నియమం, కాపాడవలసిన రాబడి ఏదీ మిగలని చోట కూడా కొనసాగింది.

నగరవాసుల అసంతృప్తి

ఈ వైరుధ్యం త్వరలోనే బయటపడింది. 1962 డిసెంబరులో న్యూయార్క్ జెయింట్స్, గ్రీన్ బే ప్యాకర్స్ జట్ల మధ్య ఛాంపియన్‌షిప్ ఆట యాంకీ స్టేడియంలో జరిగింది. టిక్కెట్లు దొరకని న్యూయార్క్ అభిమానులు స్థానిక ప్రసారం కోరుతూ న్యాయస్థానానికి వెళ్లినా, 1961 చట్టం కారణంగా ఫలితం దక్కలేదు. నిషేధ పరిధి దాటి కనెక్టికట్ రాష్ట్రంలోని మోటళ్లలో గదులు తీసుకొని ఆట చూడడం ఆ కాలపు అభిమానులకు అలవాటైంది. 1967 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన మొదటి సూపర్ బౌల్ ఇందుకు భిన్నమైన ఉదాహరణ. స్థానిక ప్రసారం లేకపోయినా ఆ మైదానంలో సుమారు మూడో వంతు సీట్లు ఖాళీగానే ఉన్నాయి. బ్లాకౌట్ ఒక చోట నిండిన మైదానానికి అనవసరమైంది; మరొక చోట ఖాళీ మైదానాన్ని నింపలేకపోయింది.

సమస్య చట్టసభకు చేరడానికి వాషింగ్టన్ నగరమే కారణమైంది. 1972 సీజన్‌లో వాషింగ్టన్ జట్టు అసాధారణంగా రాణించింది. దాని సొంత మైదానంలో సీజన్ టిక్కెట్లు ఉన్నవారికి తప్ప ఇతరులకు సీట్లు దొరకడం గగనం. ఆ డిసెంబరులో జరిగిన ప్లేఆఫ్ ఆటలను నగరంలో చూపించాలని అటార్నీ జనరల్ రిచర్డ్ క్లైన్‌డీన్‌స్ట్ కోరగా, లీగు కమిషనర్ పీట్ రోజెల్ నిరాకరించారు. అధ్యక్షుడు నిక్సన్ స్వయంగా ఆ జట్టు అభిమాని. చట్టాలు చేసేవారు నివసించే నగరంలోనే, వారి చట్టం అనుమతించిన నిషేధం అమలైంది. సామాన్య అభిమానులు పదేళ్లుగా చెబుతున్న ఫిర్యాదు అధికారుల స్వీయానుభవమయ్యాక గాని శాసనరూపం దాల్చలేదు.

ఒత్తిడిని గుర్తించిన రోజెల్ 1973 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన సూపర్ బౌల్‌కు ప్రయోగాత్మకంగా బ్లాకౌట్‌ను ఎత్తివేశారు. ఆటకు పది రోజుల ముందే టిక్కెట్లన్నీ అమ్ముడుపోవడం అందుకు ఆధారం. టిక్కెట్ల అమ్మకం పూర్తయితే ప్రసారానికి అడ్డు చెప్పనవసరం లేదన్న సూత్రాన్ని, కాంగ్రెస్ కంటే ముందు లీగే ఒకసారి పాటించినట్లయింది.

1973 చట్టం: నిబంధనల స్వరూపం

సెనేట్‌లో రోడ్ ఐలాండ్‌కు చెందిన జాన్ పాస్టోర్, ప్రతినిధుల సభలో మసాచుసెట్స్‌కు చెందిన టోర్బర్ట్ మక్‌డొనాల్డ్ ఈ విషయంలో ప్రధాన పాత్ర వహించారు. వీరిద్దరూ తమ సభల్లో కమ్యూనికేషన్ల ఉపసంఘాలకు నాయకత్వం వహిస్తున్నవారు. ఫుట్‌బాల్ సీజన్ మొదలుకావడానికి రెండు రోజుల ముందు, 1973 సెప్టెంబరు 14న, నిక్సన్ సంతకంతో ఈ బిల్లు చట్టమైంది. ఇది 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టానికి చేసిన చేర్పు.

చట్టంలోని ప్రధాన నిబంధన రెండు గడువుల మీద ఆధారపడింది. ఆటకు 120 గంటలు లేదా అంతకంటే ముందు సామాన్య ప్రజలకు అమ్మకానికి పెట్టిన టిక్కెట్లన్నీ, ఆటకు 72 గంటల ముందుగా అమ్ముడుపోతే, ఆ ఆట జరిగే ప్రాంతంలో దాని ప్రత్యక్ష ప్రసారాన్ని అడ్డుకొనే ఏ ఒప్పందమూ చెల్లదు. స్థానిక టెలివిజన్ కేంద్రానికి న్యాయమైన షరతులపై ప్రసార హక్కు ఇవ్వాలి. ఈ నిబంధన లీగు కుదుర్చుకొన్న ప్రసార ఒప్పందం కింద వచ్చే ఆటలకు మాత్రమే వర్తిస్తుంది. చట్టం ఫలితాలపై ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్‌సీసీ) ఏటా కాంగ్రెస్‌కు నివేదిక సమర్పించాలి.

ఈ నిబంధన చేసిన పనిని, చేయని పనిని వేరుచేసి చూడాలి. అమ్ముడుపోయిన ఆటను దాచిపెట్టడాన్ని అది నిషేధించింది. అమ్ముడుపోని ఆట గురించి అది మౌనం వహించింది. బ్లాకౌట్ విధించమని చట్టం ఎక్కడా ఆదేశించలేదు. విధించే స్వేచ్ఛను ఒక సందర్భంలో మాత్రమే తొలగించింది. తరువాతి కాలంలో ఈ మౌనమే అసలు నిబంధనగా చలామణి అయింది.

టిక్కెట్టు కొన్నవారు సైతం చలిలోనో వానలోనో మైదానానికి రాకుండా ఇంట్లోనే ఉండిపోతారని, తినుబండారాల అమ్మకం, వాహనాల నిలుపుదల వంటి రాబడులు తగ్గుతాయని, క్రమంగా సీజన్ టిక్కెట్ల గిరాకీ కూడా పడిపోతుందని లీగు వాదించింది. టిక్కెట్టు కొని రానివారి లెక్కలను క్లబ్బులు ప్రత్యేకంగా సేకరించాయి. అయితే టిక్కెట్టు సొమ్ము అప్పటికే క్లబ్బుకు చేరి ఉంటుంది కనుక, 1953 తీర్పు ఆమోదించిన గేటు రాబడి వాదం ఇక్కడ పూర్తిగా వర్తించదు.

గడువు తీరిన తరువాత

మూడు సీజన్ల పరీక్షాకాలం కోసం చేసిన ఈ చట్టం 1975 చివరితో ముగిసింది. దానిని శాశ్వతం చేయాలన్న ప్రయత్నాలు ఫలించలేదు. అయితే ఎన్‌ఎఫ్‌ఎల్ తనంతట తానే 72 గంటల నిబంధనను కొనసాగించింది. పాటించకపోతే కాంగ్రెస్ మళ్లీ చట్టం చేస్తుందన్న భయం, 1961 నాటి మినహాయింపుకే ముప్పు రావచ్చన్న ఆందోళన ఇందుకు కారణాలని భావించవచ్చు. చట్టం లేకుండానే చట్టం ఫలితం దక్కడం ప్రజాప్రతినిధులకు సంతృప్తి కలిగించింది.

కాని చట్టంగా ఉన్నప్పుడు దానికి ఇతర కాపలాదారులుండేవారు. ఏటా నివేదిక ఇచ్చే ఎఫ్‌సీసీ, న్యాయస్థానానికి వెళ్లగల బాధితుడు అందులో భాగం. లీగు విధానంగా మారాక వాటిలో ఏదీ మిగలలేదు. గడువు పొడిగించాలా వద్దా, ఎన్ని సీట్లను లెక్కలోకి తీసుకోవాలి అన్నవి లీగు నిర్ణయాలయ్యాయి. గడువు సమీపించేసరికి మిగిలిన టిక్కెట్లను స్థానిక టెలివిజన్ కేంద్రాలో, వ్యాపార సంస్థలో కొని ప్రసారాన్ని కాపాడడం పరిపాటి అయింది. 2005లో జాక్సన్‌విల్ జట్టు సుమారు పదివేల సీట్లను గుడ్డలతో కప్పివేసి మైదానం సామర్థ్యాన్నే తగ్గించుకొంది. 2013లో ఓక్లాండ్ జట్టు కూడా అదే మార్గం పట్టింది. కొలమానం అలాగే ఉంది; కొలిచే వస్తువు మారింది.

దీని భారం అందరిపై సమానంగా పడలేదు. సంపన్న నగరాల మైదానాలు నిండుతాయి కనుక అక్కడ ప్రసారం ఆగదు. 2008లో ఆర్థిక మాంద్యం మోటారు పరిశ్రమ కేంద్రమైన డెట్రాయిట్‌ను కుదిపివేసిన సమయంలో, ఒక్క ఆటా గెలవని స్థానిక జట్టు మైదానంలో సీట్లు మిగిలాయి. ఆ ఆటలు నగరవాసులకు టెలివిజన్‌లోనూ అందలేదు. టిక్కెట్టు కొనలేని స్థితిలో ఉన్నవారికే ప్రసారం కూడా దూరమైంది. అనేక మైదానాల నిర్మాణంలో ప్రజాధనం ఉండడం ఈ అన్యాయాన్ని మరింత స్పష్టం చేసింది.

ప్రభుత్వ నియమం – దాని తొలగింపు

చట్టం ముగుస్తున్న సంవత్సరమే, అంటే 1975లో, ఎఫ్‌సీసీ వేరొక నియమావళిని తెచ్చింది. స్థానిక కేంద్రంలో బ్లాకౌట్ అయిన ఆటను కేబుల్ సంస్థలు దూరప్రాంత కేంద్రాల నుంచి తెచ్చి చూపించరాదన్నది దాని సారాంశం. తరువాత ఇది ఉపగ్రహ ప్రసారాలకు కూడా విస్తరించింది. ఒకే కాలంలో ప్రభుత్వం ఒకవైపు బ్లాకౌట్‌ను పరిమితం చేసి, మరొకవైపు దానికి రక్షణ కల్పించింది. మొదటిది గడువుతో ముగియగా, గడువు లేని రెండవది నిలిచింది. ఫలితంగా బ్లాకౌట్ ప్రభుత్వ ఆజ్ఞ అన్న అభిప్రాయం ప్రజల్లో వ్యాపించింది.

1970ల మధ్యలో సగానికి పైగా ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలకు వర్తించిన బ్లాకౌట్, 2013 సీజన్‌కు వచ్చేసరికి రెండు ఆటలకే పరిమితమైంది. ఈలోగా టెలివిజన్ హక్కులు లీగుకు ప్రధాన ఆదాయ వనరుగా మారాయి. 2012లో క్లబ్బులు కోరుకుంటే 85 శాతం అమ్మకాన్నే ప్రమాణంగా తీసుకొనే వెసులుబాటును లీగు ఇచ్చింది. అభిమానుల సంఘాలు 2011లో పెట్టుకొన్న వినతిపై విచారణ జరిపి, 2014 సెప్టెంబరు 30న ఎఫ్‌సీసీ తన నియమావళిని ఏకగ్రీవంగా రద్దు చేసింది. రద్దు వల్ల లీగు ప్రైవేటు ఒప్పందాలు చెల్లకుండా పోలేదు. వాటికి ప్రభుత్వ అండ మాత్రమే తొలగింది. అయినా 2015లో క్లబ్బు యజమానులు బ్లాకౌట్ విధానాన్ని నిలుపుదల చేశారు. ఆ తరువాత దాని పునరుద్ధరణ జరగలేదు.

ముగింపు

1973 చట్టం చరిత్రను స్వల్పకాలిక శాసనం సాధించిన దీర్ఘకాలిక విజయంగా మాత్రమే చెప్పడం అసమగ్రం. అమ్ముడుపోయిన ఆటను సొంత ఊరివారికి చూపించడం ఆ చట్టంతోనే సాధ్యమైంది. లక్షలాది మందికి అది నిజమైన ప్రయోజనం. అయితే అమ్ముడుపోని ఆటను దాచవచ్చునన్న మాట అందులో హక్కుగా లేకపోయినా, దాని మౌనం నుంచి హక్కు రూపంలో ఎదిగింది. చట్టం వాక్యంలో లీగుకు హద్దుగా ఉన్న 72 గంటలు, లీగు విధానంలో నగరవాసులకు షరతుగా మారాయి. అంకె మారలేదు, మాటలు మారలేదు. ఆ వాక్యాన్ని అమలుచేసే చేయి మారింది. ఒక శాసనం అర్థం దాని పాఠంలోనే కాక, దానిని ఎవరు కాపాడుతున్నారన్న విషయంలో కూడా ఉంటుందనడానికి ఈ నిబంధన చరిత్ర ఒక నిదర్శనం.