వర్చువల్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ నామకరణం
మనిషి ప్రమేయం లేకుండా లినక్స్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు బాండ్, బ్రిడ్జ్, వీల్యాన్ వంటి సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌లకు ముందుగానే పేర్లు నిర్ణయించే పద్ధతి. రెడ్ హ్యాట్ కుటుంబంలో కిక్‌స్టార్ట్ ఫైలు, ఉబుంటు సర్వర్ 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్ ఫైలు ఇందుకు ఆధారం.

పూర్వం భౌతిక కార్డులకు కెర్నల్ గుర్తించిన వరుసలో ఈటీహెచ్0, ఈటీహెచ్1 అని పేర్లు పడేవి. వరుస మారితే బాండ్ వేరే కార్డుకు చేరేది. 2013 జనవరి నాటి సిస్టమ్‌డీ 197 కార్డు అమరిన స్థానాన్ని బట్టి ఈఎన్‌పీ2ఎస్0 వంటి స్థిరనామాలు తెచ్చింది. వర్చువల్ ఇంటర్‌ఫేస్‌కు అలాంటి స్థానం ఉండదు కనుక పేరును ఫైలే చెప్పాలి.

పేరుకు పరిమితి 15 బైట్లు. వీల్యాన్ పేరు సాధారణంగా మూల ఇంటర్‌ఫేస్ పేరు, చుక్క, 1–4094 మధ్య సంఖ్యతో ఏర్పడుతుంది. మ్యాక్ చిరునామాతో వచ్చే ఈఎన్‌ఎక్స్ పేర్లు సరిగ్గా 15 అక్షరాలే కావడంతో ఆ సంఖ్యకు చోటుండదు. అప్పుడు కిక్‌స్టార్ట్‌లో ఇంటర్‌ఫేస్‌నేమ్ ఆప్షన్‌తో వేరే పేరు ఇస్తారు.