బాయ్స్ టౌన్: పెద్దలు మారారు, దాతలు లెక్క అడిగారు

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, ఒమాహా నగరం పక్కనే బాయ్స్ టౌన్ అనే చిన్న ఊరు ఉంది. పేరుకు తగ్గట్టే అది పిల్లల కోసం వెలిసిన ఊరు. ఒక క్యాథలిక్ ఫాదర్ 1917లో అప్పు తెచ్చిన 90 డాలర్లతో దీన్ని మొదలుపెట్టారు. వందేళ్లు దాటినా ఇంకా నడుస్తోంది. కానీ మధ్యలో ఒకసారి, 1972లో, ఈ సంస్థ పేరు దేశమంతా చెడ్డగా మారుమోగింది. పిల్లల సొమ్ము ఎవరో తిన్నారని కాదు. సొమ్ము బోలెడంత ఉండి కూడా లేదన్నట్టు అడిగారని.

రంజాన్ వస్తే జకాత్, ఫిత్రా, సదఖా అంటూ యతీమ్‌ఖానాలకు, మదర్సాలకు మన ఇళ్ల నుంచీ డబ్బు వెళ్తుంది. ఎవరి చేతికి ఇస్తున్నామో ఆ పెద్దమనిషిని చూసి ఇస్తాం. ఆ పెద్దమనిషి పోయి, ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఏమవుతుంది? అప్పుడు మన డబ్బుకు పూచీ ఎవరు? బాయ్స్ టౌన్ చరిత్ర ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు చెబుతుంది.

ఫాదర్ ఫ్లానగన్ కాలం (1917–1948)

ఎడ్వర్డ్ ఫ్లానగన్ 1886లో ఐర్లాండ్‌లో పుట్టారు. ఫాదర్ అయ్యాక ఒమాహాకు వచ్చి, మొదట ఇల్లూ వాకిలీ లేని కూలీల కోసం ఒక వసతి గృహం నడిపారు. అక్కడికి వచ్చేవాళ్ల కథలు విన్నాక ఆయనకు ఒక విషయం అర్థమైంది. వీళ్లలో చాలామంది జీవితం చిన్నప్పుడే దారి తప్పింది. బాగుచేయాలంటే అక్కడే మొదలుపెట్టాలి. 1917 డిసెంబర్ 12న 90 డాలర్లు అప్పు తెచ్చి, ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని, కొద్దిమంది అబ్బాయిలతో ఆశ్రమం తెరిచారు. వాళ్లలో కొందరు వీధుల్లో తిరిగేవాళ్లు, కొందరు కోర్టు అప్పగించినవాళ్లు. ఆ మొదటి క్రిస్మస్‌కు వంటింట్లో ఉన్నది ఎవరో దానంగా పంపిన పీపాడు పుల్లటి క్యాబేజీ ఊరగాయ అని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు.

పిల్లలు పెరిగేకొద్దీ చోటు చాలలేదు. 1921లో ఊరికి పడమట దాదాపు పది మైళ్ల దూరంలో ఉన్న ఒక పొలంలోకి ఆశ్రమాన్ని మార్చారు. 1936లో ఆ స్థలానికి ప్రభుత్వం గ్రామ హోదా ఇచ్చింది. సొంత పోస్టాఫీసు వచ్చింది. పిల్లలే ఓటేసి తమ మేయర్‌ను ఎన్నుకునేవారు. ఫ్లానగన్ పెట్టిన ముఖ్యమైన నియమం ఇంకోటి ఉంది. పిల్లవాడు నల్లవాడా తెల్లవాడా, క్యాథలిక్కా ప్రొటెస్టెంటా యూదుడా అని చూడకూడదు. ఆ రోజుల అమెరికాలో ఇది మామూలు మాట కాదు.

డబ్బు మాత్రం ఎప్పుడూ కటకటే. 1920ల్లో పిల్లలే బృందంగా ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చి చందాలు పోగుచేశారు. 1938లో ఈ ఆశ్రమం మీద హాలీవుడ్‌లో సినిమా వచ్చింది. ఫ్లానగన్ పాత్ర వేసిన స్పెన్సర్ ట్రేసీకి ఆస్కార్ కూడా వచ్చింది. అయితే ఆశ్రమానికి మాత్రం మొదట్లో నష్టమే జరిగింది. సినిమా చూసిన జనం బాయ్స్ టౌన్‌కు ఇక డబ్బు కొరత లేదనుకుని విరాళాలు తగ్గించేశారు. దాతకు తెలిసింది ఒకటి, ఉన్నది ఇంకొకటి. ఆ తేడా వల్ల అప్పుడు ఆశ్రమం నష్టపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే తేడా వల్ల దాతలు మోసపోయామనుకున్నారు.

ఫ్లానగన్ సొంతవాళ్లనైనా నిలదీసే మనిషి. 1946లో ఐర్లాండ్ వెళ్లినప్పుడు అక్కడ తన చర్చి వాళ్లే నడిపే పిల్లల సంస్థల్లో శిక్షలు దారుణంగా ఉన్నాయని బహిరంగంగానే విమర్శించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దిక్కులేని పిల్లల పరిస్థితి చూడటానికి అమెరికా ప్రభుత్వం కోరిక మీద జపాన్, కొరియా, ఆస్ట్రియా, జర్మనీ తిరిగారు. ఆ ప్రయాణంలోనే 1948 మే 15న బెర్లిన్‌లో కన్నుమూశారు.

ఫాదర్ వెగ్నర్ కాలం (1948–1973)

ఫ్లానగన్ తర్వాత బాధ్యత ఫాదర్ నికొలస్ వెగ్నర్‌కు వచ్చింది. స్థాపకుడు లేకపోయినా ఆయన పేరు, సినిమా తెచ్చిన కీర్తి మిగిలాయి. ఆ రెండింటి మీదే విరాళాల పని నడిచింది. దేశమంతటా ఇళ్లకు ఉత్తరాలు వెళ్లేవి. ముఖ్యంగా క్రిస్మస్ ముందు, దిక్కులేని పిల్లల్ని గుర్తుచేసుకోండి అంటూ. ఏడాదికి 3 కోట్లకు పైగా ఉత్తరాలు! పింఛను మీద బతికే ముసలివాళ్లు, కూలినాలి చేసుకునేవాళ్లు కూడా ఒక డాలరో రెండు డాలర్లో కవర్లో పెట్టి పంపేవారు.

వచ్చిన డబ్బులో ఖర్చు కాగా మిగిలింది మూల నిధిలోకి వెళ్లేది. రేపు కష్టకాలం వస్తే ఉంటుందన్నది ఆలోచన. అందులో తప్పు లేదు. కానీ నిధి ఎంత అయిందో దాతకు ఎవరూ చెప్పలేదు. ఉత్తరాల్లో పేదరికం మాటే ఉండేది.

ఒమాహాలో సన్ అనే చిన్న వారపత్రికల సంస్థ ఉండేది. దాని యజమాని వారెన్ బఫెట్. ఈ రోజు ప్రపంచంలోని అతి పెద్ద ధనవంతుల్లో ఒకరుగా మనం వినే మనిషే. అమెరికాలో దాతృత్వ సంస్థలు ఆదాయపన్ను శాఖకు ఏటా ఒక ఫారం ఇస్తాయి. అది ఎవరడిగినా చూడొచ్చు. బాయ్స్ టౌన్ ఫారం తెప్పించి చూడమని బఫెట్ తన విలేకరులకు సూచించారు. వాళ్లు ఆ కాగితాలు తెప్పించారు, పోస్టాఫీసు నుంచి ఎన్ని ఉత్తరాలు వెళ్తున్నాయో ఆరా తీశారు. 1972 మార్చి 30న మొత్తం బయటపెట్టారు.

తేలిందేమిటంటే, బాయ్స్ టౌన్ ఆస్తి విలువ 20 కోట్ల 90 లక్షల డాలర్లు. అప్పుడు అక్కడున్న పిల్లలు 665 మంది. లెక్కేసి చూడండి, ఒక్కో పిల్లవాడి పేరున 3 లక్షల డాలర్లకు పైనే. నిధి ఏటేటా పెరుగుతోంది, పిల్లల సంఖ్య మాత్రం పెరగడం లేదు. అయినా ఉత్తరాలు ఆగలేదు.

ఈ కథనానికి మరుసటి ఏడాది, 1973లో, పులిట్జర్ బహుమతి వచ్చింది. వారానికోసారి వచ్చే ఒక చిన్న స్థానిక పత్రికకు అది చాలా పెద్ద గౌరవం.

ఫాదర్ హప్ కాలం (1973–1985)

గొడవ పెద్దదయ్యాక పాలకమండలి కదిలింది. విరాళాల ఉత్తరాలు కొంతకాలం ఆపేశారు. ఉన్న డబ్బును దేనికి ఖర్చు చేయాలో ఆలోచించడం మొదలుపెట్టారు. వినికిడి, మాట లోపాలున్న పిల్లల కోసం ఒక సంస్థకు 3 కోట్ల డాలర్లు, పిల్లల ఎదుగుదల మీద అధ్యయనానికి 4 కోట్ల డాలర్లు కేటాయిస్తామని ప్రకటించారు. 1973లో వెగ్నర్ తప్పుకున్నారు. ఫాదర్ రాబర్ట్ హప్ వచ్చారు.

మనిషి మారడంతో ఆగకుండా పనితీరు కూడా మారింది. అంతకుముందు పిల్లలు పెద్ద పెద్ద హాళ్లలో వరుస మంచాల మీద పడుకునేవారు. హప్ కాలంలో అవి పోయి ఇళ్లు వచ్చాయి. ఒక్కో ఇంట్లో భార్యాభర్తలిద్దరు, వాళ్ల దగ్గర కొద్దిమంది పిల్లలు. అంటే ఆశ్రమం బదులు ఇల్లు లాంటి వాతావరణం. వినికిడి, మాట లోపాల వైద్యం కోసం 1977లో ఆసుపత్రి తెరిచారు. 1979లో మొదటిసారి ఆడపిల్లల్ని కూడా చేర్చుకున్నారు. పేరు బాయ్స్ టౌనే అయినా!

హప్ తర్వాత 1985లో ఫాదర్ వాల్ పీటర్ బాధ్యత తీసుకున్నారు. ఆయన ఈ పద్ధతిని వేరే రాష్ట్రాలకూ తీసుకెళ్లారు. కష్టంలో ఉన్న పిల్లలు, తల్లిదండ్రులు ఏ వేళలోనైనా ఫోన్ చేయడానికి 1989లో దేశవ్యాప్త హెల్ప్‌లైన్ పెట్టారు. 2005లో ఆయన స్థానంలో ఫాదర్ స్టీవెన్ బోస్ వచ్చారు.

ఈ చరిత్ర ఏం చెబుతోంది?

వెగ్నర్‌ను దొంగ అని ఎవరూ అనలేదు. డబ్బు అక్కడే ఉంది, భద్రంగానే ఉంది. మరి తప్పెక్కడ? ఈ రోజు పిల్లవాడి అన్నం కోసం అని అడిగి తీసుకున్న డబ్బు ఎప్పటికో పనికొచ్చే నిధిలోకి వెళ్లింది. ఇచ్చినవాడి నియ్యత్ ఒకటి, తీసుకున్నవాడు వాడిన దారి ఇంకొకటి.

మన దీన్‌లో ఈ తేడా చాలా స్పష్టంగా ఉంది. జకాత్ వేరు, వక్ఫ్ వేరు. జకాత్ హక్కుదారుడి చేతికి చేరాల్సిన సొమ్ము అనీ, దాన్ని ఆస్తిగా కూడబెట్టి ఉంచకూడదనీ చాలామంది ఉలమా చెబుతారు. వక్ఫ్ అయితే అసలు అలాగే నిలిచి, దాని ఆదాయం ఖర్చు కావడం కోసమే. ఒక సంస్థ మూల నిధి పెట్టుకోవడం మంచిదే, కాకపోతే అది ఆ పేరుతోనే అడగాలి. మీ జకాత్ ఫలానా చోట సరిగ్గా చేరుతుందా లేదా అన్న అనుమానముంటే దగ్గర్లోని ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తెలుసుకోండి.

ఇంకో సంగతి. యతీముల సొమ్ము వాళ్లకు అప్పగించేటప్పుడు సాక్షుల్ని పెట్టుకోమని సూరా నిసాలో ఆదేశముంది. అప్పగించేవాడు ఎంత నమ్మకస్తుడైనా సాక్షి ఉండాల్సిందే. కాబట్టి ఒక యతీమ్‌ఖానా ముతవల్లీని, కమిటీ సదర్ సాహెబ్‌ను లెక్క చూపించమనడం బేఅదబీ కాదు. ఆయన మీద అనుమానమూ కాదు. ఆయన తర్వాత వచ్చేవాళ్లకు దారి వేయడం. స్థాపకుడు బతికున్నంత కాలం ఆయన ముఖమే పూచీ. ఆయన పోయాక పూచీ ఉండాల్సింది కాగితాల్లోనే.

ఇచ్చే ముందు అడగాల్సినవి

మన రాష్ట్రాల్లో పిల్లల ఆశ్రమాలకు సాయం చేసే కుటుంబాలు ఈ విషయాలు చూసుకుంటే చాలు.

1. సంరక్షణ అవసరమైన పిల్లల్ని ఉంచే ఆశ్రమాలు 2015 నాటి బాల న్యాయ చట్టం కింద రిజిస్టర్ కావాలి. రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి.

2. గత సంవత్సరం ఆడిట్ అయిన లెక్కలు చూపించమనండి. మొత్తం ఆదాయం, పిల్లల మీద ఖర్చు, మిగిలి బ్యాంకులో ఉన్నది, ఈ మూడు అంకెలు చాలు.

3. పిల్లలు ఎంతమంది? ఈ సంఖ్యను పై అంకెల పక్కన పెట్టి చూడండి. బాయ్స్ టౌన్ గుట్టు బయటపడింది ఈ చిన్న లెక్కతోనే.

4. జకాత్, సదఖా, భవన నిధి వేర్వేరు ఖాతాల్లో ఉన్నాయా? మీరిచ్చింది ఏ ఖాతాలోకి వెళ్తోందో రసీదు మీద రాయించుకోండి.

5. పన్ను మినహాయింపు కావాలనుకుంటే సంస్థకు 80జి ఉండాలి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు. బ్యాంకు ద్వారా పంపితే మీకూ వాళ్లకూ రికార్డు ఉంటుంది.

6. కమిటీలో ఎవరెవరున్నారు, పెద్దాయన తర్వాత బాధ్యత ఎవరిది, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు? అంతా ఒకే ఇంటివాళ్లయితే బయటివాళ్లను ఒకరిద్దరిని తీసుకోమని మర్యాదగా చెప్పండి.

7. వీలైతే ఏడాదికి ఒకసారి వెళ్లి చూడండి. వంటిల్లు, పిల్లలు పడుకునే చోటు, బడికి వెళ్తున్నారా లేదా చూస్తే సగం సంగతి అర్థమవుతుంది.

జవాబు దొరకలేదని వెంటనే విరాళం ఆపేయాల్సిన పని లేదు. చాలా చిన్న సంస్థల్లో లెక్కలు రాసే మనిషే ఉండడు. పొరుగునే ఉన్న కామర్స్ చదివిన కుర్రాడో, రిటైరైన బ్యాంకు ఉద్యోగో నెలకు ఒక పూట కూర్చుంటే ఆ కొరత తీరుతుంది. డబ్బు ఇవ్వలేనివాళ్లు ఇలాంటి ఖిద్మత్ చేయొచ్చు. బాయ్స్ టౌన్‌లో లెక్క అడిగింది బయటి పత్రికవాళ్లు, అదీ పాతికేళ్ల తర్వాత. మన యతీమ్‌ఖానాలో ఆ మాట మనమే ముందుగా, నెమ్మదిగా అడిగితే ఎవరి ఇజ్జత్‌కూ భంగం ఉండదు, పిల్లల అన్నం ఆగదు.